పదహారుకు ఒక చుట్టు

నాచారంలో మా యూనిట్‌లో నా బల్ల కిటికీ పక్కన ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ. బయటి నుంచి మందుల ఫ్యాక్టరీ వాసన, లోపలి నుంచి కటింగ్ ఆయిల్ వాసన. కొత్తగా చేరినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకైతే ఆదివారం చర్చిలో కూర్చున్నప్పుడు గాలిలో ఏదో తక్కువైనట్టు ఉంటుంది. నా పని తనిఖీ. మెషిన్ మీద తయారైన ముక్కను కొలవాలి. బాగుంటే నా ముద్ర వెయ్యాలి, బాగలేకపోతే ఎర్ర రంగు పూసి పక్కన పెట్టాలి. ఎర్ర రంగు పూసినప్పుడల్లా ఎవరికో ఒకరికి నా మీద కోపం వస్తుంది. "ఆమె సొంత చెల్లెనన్నా ఇడువది" అని వెనక అనుకుంటారని తెలుసు. అనుకోనీ అని లోపల గర్వపడేదాన్ని. ఆ గర్వం ఎలా దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేం చేసేవాటిలో రైఫిల్ బ్యారెళ్లు కూడా ఉన్నాయి. కంగారు పడకండి, పోటీల్లో యాభై మీటర్ల దూరంలో కాగితం మీది చుక్కను కొట్టే చిన్న రైఫిళ్లవి. లైసెన్సున్న కంపెనీ ఒకటి మాకు ఆర్డరిస్తుంది. ప్రతి బ్యారెల్‌కీ ఒక నంబరు, ప్రతి నంబరుకీ రిజిస్టరులో ఒక వరుస. బ్యారెల్ లోపల నున్నగా ఉండదు, మెలి తిరిగిన గాళ్లు, అంటే సన్నటి గాడులు, ఉంటాయి. తూటా ఆ గాళ్లను పట్టుకుని గిర్రున తిరుగుతూ బయటికొస్తుంది. తిరుగుతున్నంతసేపే బొంగరం నిలబడుతుంది, తూటా సంగతీ అంతే. ఎన్ని అంగుళాలకు ఒక పూర్తి చుట్టు తిరగాలన్నదాన్ని ట్విస్ట్ అంటారు. మా చిన్న తూటాకు పదహారు అంగుళాలకు ఒక చుట్టు. తూటా పొడవు పెరిగితే ఇంకా త్వరగా తిప్పాలి, పొట్టిదైతే నెమ్మదిగా తిప్పినా సరిపోతుంది.

ఆ గాళ్లు కోసే రైఫ్లింగ్ మెషిన్ మీద పనిచేసే అన్న గోదావరి వైపు మనిషి. పాతికేళ్లుగా ఇక్కడే ఉన్నా ఆ యాస వదల్లేదు. "అంత లెక్కెందుకండీ మేడం గారూ, బాగా గట్టిగా తిప్పేస్తే పోలా?" అని ఒకసారి అడిగాడు. పోదు. తూటా సీసంలో ఎక్కడో ఒకపక్క వెంట్రుకవాసి బరువు ఎక్కువే ఉంటుంది. మరీ వేగంగా తిప్పితే ఆ చిన్న లోపమే పెద్దదై తూటాను పక్కకు లాగుతుంది. నెమ్మదిగా తిప్పితే తూటా నిలదొక్కుకోలేక తల ఊపుతూ పోతుంది. ఎంత కావాలో అంతే తిప్పాలి. అతనికి ఇదంతా చెప్పినప్పుడు "పిల్లల్ని పెంచినట్టేనన్నమాట" అన్నాడు. నాకు పెళ్లీ కాలేదు, పిల్లలూ లేరు. తరవాతి ముక్క చేతిలోకి తీసుకున్నాను.

ట్విస్ట్‌ను కొలవడం బ్రహ్మవిద్యేమీ కాదు. సన్నని రాడ్ చివర గుడ్డ ముక్కను బిగుతుగా చుట్టి బ్యారెల్‌లోకి తోస్తే, గాళ్ల వెంట రాడ్ తనంతట తనే తిరుగుతుంది. రాడ్ మీద ఒక గీత పెట్టుకోవాలి. ఆ గీత ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకొచ్చేసరికి రాడ్ ఎంత లోపలికి పోయిందో అదే ట్విస్ట్. మూడు నిమిషాల పని. ఆ మూడు నిమిషాలు నేను ఒక్కసారి మిగుల్చుకున్నాను.

మా చెల్లెలు ఉప్పల్‌లో ఉంటుంది. దవాఖానాలో నర్సు. మరిది పోచారం ఐటీ కంపెనీలకు మనుషుల్ని చేరవేసే బస్సు నడుపుతాడు. వాళ్లకు ఒక్కతే కూతురు. ఇంటర్‌లో ఎన్‌సీసీలో చేరి రైఫిల్ పట్టుకుంది. పట్టుకున్న మొదటి రోజే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "పెద్దమ్మా, నేను బోర్ల పండుకొని కొడితే పదిల పడ్డది" అంది. పది అంటే టార్గెట్ కార్డులో నట్టనడిమి చుక్క. ఆ ముఖం ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. ఇంట్లో నోరు మెదపని పిల్ల, ఇంటికెవరొచ్చినా లోపలికి పోయే పిల్ల, ఆ రోజు అన్నం తింటూ కూడా ఆ ఒక్క దెబ్బ గురించే చెప్పింది.

నగరం అవతలి కొసన ఉన్న షూటింగ్ రేంజిలో ఒక క్లబ్ ఆమెను చేర్చుకుంది. క్లబ్ రైఫిలే ఆమెకు ఇచ్చారు. దాని బ్యారెల్ అరిగిపోయిందని, కొత్తది వేయించాలని కోచ్ అన్నప్పుడు ఆ మాట పట్టుకుని వెళ్లింది నేనే. "మా దగ్గర చేసిందే తెప్పించుకోన్రి సారూ, మా పనికి నాది పూచీ" అన్నాను. కంపెనీ ద్వారా తెప్పించారు. బిగించిన రోజు ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. బ్యారెల్ అడుగున, గింజంత గుండ్రటి గీతలో నా తనిఖీ నంబరు కనబడిందట. అప్పటి నుంచి ప్రతి పోటీలో మొదటి తూటా పెట్టే ముందు ఆ ముద్ర మీద బొటనవేలు ఆనించి కళ్లు మూసుకునేది. ఈ సంగతి కోచ్ చెప్తే మూడు రోజులు నా కాలు నేల మీద నిలవలేదు.

ఆ చలికాలం జూనియర్ జట్టు ఎంపిక పోటీల్లో పిల్ల ఘోరంగా కొట్టింది. ముందు వారం దాకా ప్రాక్టీసులో అందరికంటే బాగా కొట్టిన పిల్ల, పోటీ రోజు పొద్దున ఎనిమిదిలోకీ ఏడులోకీ జారిపోయింది. భయపడిందన్నారు. వేసవి వచ్చింది, మళ్లీ అద్భుతంగా కొట్టింది. తరవాతి చలికాలం ఎంపిక పోటీలు మళ్లీ వచ్చాయి, పిల్ల మళ్లీ జారింది. అది భయమేనని ఈసారి అందరికీ ఖాయమైపోయింది. "దీనికి టాలెంట్ ఉంది మేడం, గుండె లేదు" అన్నాడు కోచ్. మా చెల్లెలు ఇంట్లో ప్రార్థన పెట్టించింది. సంఘంలో వాళ్లు పదిమంది వచ్చి చాపల మీద కూర్చున్నారు. ఈ బిడ్డలో ఉన్న పిరికి ఆత్మను తీసివేయి ప్రభువా అని పాస్టర్ గారు ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. పిల్ల తల వంచుకుని చాప పుల్లలు పీకుతూ కూర్చుంది. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

అక్కడితో ఆగానా? అందరూ వెళ్లాక పిల్ల మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, రైఫిల్ల ఏమన్న ఉన్నదంటవా?"

నాకు చర్రున కోపమొచ్చింది. "ఏందే, నా ముద్ర మీదనే అనుమానమా? బ్యారెల్ మంచిగనే ఉన్నది. నీ చెయ్యే మంచిగ లేదు" అన్నాను.

ఆమె మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఈ ఏడుతో ఆమెకు జూనియర్ వయసు దాటిపోతుంది. ఇవే చివరి ఎంపిక పోటీలు. ఇంకా మూడు వారాలు ఉన్నాయనగా, ఒక ఆదివారం చర్చి అయ్యాక పిల్ల మా ఇంటికి వచ్చింది. చేతిలో రెండు గోనె సంచులు, భుజం మీద షూటింగ్ కోటు. సంచులు గుమ్మం దగ్గర పెట్టి, "మీ గల్లీకి పాత పేపరాయన వస్తడు గద పెద్దమ్మా, ఇవి గూడ ఏసెయ్" అంది.

"ఏందివి?"

"టార్గెట్ కార్డులు. ఇగ నాకెందుకు? కోటు రేపు క్లబ్బుల ఇచ్చేస్త. నారపల్లి దిక్కు ఒక స్కూల్ల టీచర్ ఉద్యోగం ఉన్నదట, అమ్మ మాట్లాడింది."

ఏడవలేదు. అది నాకు ఇంకా కష్టమనిపించింది. ఏడ్చి ఉంటే తిట్టి పంపేదాన్నేమో. నిర్ణయం తీసుకున్న మనిషి మాట్లాడినట్టు మాట్లాడి, అన్నం తినమంటే తిని, గిన్నె కడిగి, వెళ్లి నా మంచం మీద పడుకుని నిద్రపోయింది.

నేను సంచుల దగ్గర కూర్చున్నాను. పారెయ్యబోయే వస్తువునైనా ఒకసారి చూడకుండా పారెయ్యలేను, ఇరవై రెండేళ్ల అలవాటు. కార్డులు తీశాను. మా పిల్ల పద్ధతి గల మనిషి, ప్రతి కార్డు మూలనా తేదీ, టైము రాసిపెట్టింది. కాలేజీ మధ్యాహ్నానికి అయిపోతుంది కాబట్టి ఎక్కువగా మధ్యాహ్నం కార్డులే. పోటీల ముందు వారం మాత్రం, అలవాటు కోసమని పొద్దున్నే వెళ్లేది. పొద్దున కార్డుల్లో దెబ్బలు చెల్లాచెదురుగా ఉన్నాయి. పోటీ దగ్గరపడ్డ భయమని ఆమె అనుకుంది, మేమూ అదే అనుకున్నాం. పోటీల్లో ఎటూ ఎలక్ట్రానిక్ టార్గెట్లు, అంకె తప్ప కాగితం మిగలదు. ఈ చిల్లులన్నిటినీ ఒకచోట పెట్టి చూసిన మనిషి ఎవరూ లేరు.

బ్యాగులోంచి కొలత గీతలున్న భూతద్దం తీశాను. మధ్యాహ్నం కార్డుల్లో చిల్లు గుండ్రంగా ఉంది. చుట్టూ సీసం అంటిన బూడిదరంగు అంచు అన్నివైపులా సమానంగా ఉంది. పొద్దున కార్డు తీశాను. అంచు ఒకపక్క మందంగా, ఒకపక్క లేనట్టే ఉంది. చిల్లు కాస్త కోలగా ఉంది. ఇంకోటి తీశాను, అదీ కోలగానే ఉంది. ఇంకో పది తీసి చూశాను. మార్చి, ఏప్రిల్ నెలల్లో పొద్దున కొట్టినవి రెండే దొరికాయి, వాటిలో చిల్లులు గుండ్రంగా ఉన్నాయి. చలికాలం పొద్దున కొట్టినవి మాత్రమే కోల.

చెయ్యి వణికితే దెబ్బ ఎక్కడో పడుతుంది, కాని చిల్లు గుండ్రంగానే పడుతుంది. చిల్లు కోలగా ఉందంటే తూటాయే వంకరగా వచ్చి తగిలింది. అది మనిషి భయం వల్ల జరిగేది కాదు. చలికి గాలి చిక్కబడుతుంది. ఎండలో పలచబడుతుంది. సరిగ్గా తిరిగే తూటాకు ఈ కాస్త తేడా లెక్కలోది కాదు. చాలీచాలకుండా తిరిగే తూటా మాత్రం పలచని గాలిలో ఎలాగో నిలబడుతుంది, చిక్కటి గాలిలో తల ఊపుతుంది. ఎంపిక పోటీలు ఎప్పుడూ డిసెంబరు చలిలో, పొద్దున్నే.

మంచం మీద పిల్ల నిద్రపోతూనే ఉంది. నేను కార్డులన్నీ మళ్లీ సంచిలో పెట్టాను, కాని సంచిని గుమ్మం దగ్గరి నుంచి లోపలి గదిలోకి తెచ్చాను. లేచాక ఆమెతో ఒక్కటే అన్నాను: "కోటు రేపు ఇయ్యకు. నాకొక్క రెండు దినాలు టైం ఇయ్యి."

మర్నాడు సెలవు పెట్టి, నా రాడ్ గుడ్డలో చుట్టుకుని, ఉప్పల్‌లో మెట్రో ఎక్కాను. అవతలి చివర దిగి బస్సు మారి రేంజికి చేరేసరికి పదకొండయింది. నేనడిగింది విని కోచ్ నవ్వాడు. "మీరు పాస్ చేసిందే కద మేడం?" అన్నాడు. అయినా రైఫిల్ తెచ్చి, బోల్టు తీసి, ఖాళీగా ఉందని నాకు చూపించి బల్ల మీద పెట్టాడు. గుడ్డ ముక్క చుట్టి రాడ్ తోశాను. గీత పక్కకు తిరిగింది, అడుగుకు పోయింది, మెల్లగా మళ్లీ పైకి వచ్చింది. స్కేలు పెట్టాను. పద్దెనిమిది అంగుళాలు. గుడ్డ జారిందేమోనని ఇంకా బిగుతుగా చుట్టి మళ్లీ తోశాను. పద్దెనిమిది. మూడోసారి కోచ్‌నే తోయమన్నాను. ఆయన స్కేలు చూసి నవ్వడం మానేశాడు.

పదహారుకు తిరగాల్సింది పద్దెనిమిదికి తిరుగుతోంది. రెండంగుళాలే. బ్యారెల్‌ను తిప్పి అడుగున చూశాను. నా ముద్ర అక్కడే ఉంది. రెండేళ్లుగా ఒక బొటనవేలు తగిలి తగిలి, చుట్టూ ఉన్న నలుపు పోయి అక్కడ మెరుస్తోంది. ఆ మెరుపు చూసి నాకు దుఃఖమొచ్చింది. పరాయి మనిషి ముందు ఏడవడం ఇష్టం లేక నీళ్లు తాగొస్తానని బయటికి వెళ్లాను.

తరవాతి రోజు యూనిట్‌లో రిజిస్టరు తిరగేశాను. ఆ నంబరు దగ్గర ట్విస్ట్ గడిలో అంకె లేదు. రెండు చిన్న గీతలున్నాయి. పైన ఉన్నదే కింద అని చెప్పే గీతలు. ఒకటి కాదు, వరుసగా ఆరు బ్యారెళ్లకు అవే గీతలు. నా చేతి గీతలే. తేదీ చూడగానే అంతా గుర్తొచ్చింది.

దసరాకు మా యూనిట్‌లో ఆయుధపూజ చేస్తారు. మెషిన్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. మర్నాడు మంచి గంటలో మెషిన్ స్టార్ట్ చేసి, మధ్యాహ్నంలోగా కొన్ని ముక్కలు బయటికి పంపాలి. దాన్ని బోణీ అంటారు. బోణీ రోజు మా యూనిట్‌లో ఒక ఆచారం ఉంది. ఎర్ర రంగు డబ్బా మూత తీయరు. కొత్త ఏడు మొదటి రోజే ముక్కను తిరగ్గొడితే ఏడంతా తిరగ్గొట్టడమేనని నమ్మకం. అందుకని పైపై కొలతలు చూసి పంపిస్తాం. నేను క్రైస్తవురాలిని, పూజ రోజు మధ్యాహ్నమే ఇంటికెళ్లిపోతాను, మర్నాడు వచ్చి ప్రసాదం డబ్బా మాత్రం మొహమాటం లేకుండా ఖాళీ చేస్తాను. ఆ మూత ఆచారాన్ని చూసి లోపల నవ్వుకునేదాన్ని. నవ్వుకుంటూనే పాటించాను. పండుగ ముందు కొలిచింది పదహారు, మెషిన్ సెట్టింగు ఎవరూ మార్చలేదు, ఇంక మళ్లీ కొలవడమెందుకని రెండు గీతలు పెట్టేశాను.

రైఫ్లింగ్ ఆపరేటరన్నను పిలిచి అడిగాను. "అన్నా, రెండేండ్ల కిందటి దసరా యాదున్నదా? అప్పుడు మెషిన్ల ఏమన్న విప్పిన్రా?"

"విప్పకుండా ఎలాగండీ? గేర్లన్నీ తీసి కిరసనాయిల్లో కడిగి, వరసగా పేర్చి బొట్లు పెట్టాం. ఆ ఏడు చాలా బాగా చేశామండీ, ఫొటోలు కూడా ఉన్నాయి."

ఫోన్‌లో వెతికి చూపించాడు. ఒక ఫొటోలో గేర్లు పీట మీద వరసగా ఉన్నాయి, ఒక్కోదానికీ పసుపు, కుంకుమ. పళ్ల సంఖ్య ఎక్కడ చెక్కి ఉంటుందో సరిగ్గా అక్కడే బొట్టు. రెండో ఫొటోలో గేర్లు మళ్లీ బిగించాక, మూత ఇంకా వెయ్యక ముందు, మెషిన్‌కు దండ వేసి ఉంది. నలభై ఎనిమిది పళ్ల గేరు ఉండాల్సిన చోటును పెద్దది చేసి చూశాం. దండ కింద సగం చక్రమే కనబడుతోంది. పెన్ను మొనతో ఒక్కో పన్నూ లెక్కపెట్టాను. సగానికే ఇరవై ఏడు వచ్చాయి. అంటే మొత్తం యాభై నాలుగు. పక్క గేరు ఇక్కడ ఎక్కింది. నలభై ఎనిమిది ఉంటే పదహారు, యాభై నాలుగైతే పద్దెనిమిది. మా గోడ మీది చార్టులోనే ఉంది. బోణీ అయిన మధ్యాహ్నమే వేరే ఆర్డరు కోసం గేర్లన్నీ మార్చారు కాబట్టి తప్పు ఆ ఆరింటితోనే ఆగింది.

అన్న స్టూలు మీద కూలబడ్డాడు. "నా చేత్తోనే బొట్టు పెట్టానండీ. నా చేత్తోనే బిగించాను" అన్నాడు.

"నువ్వు బిగించినవు. తప్పు బిగిస్తే పట్టుకోవాలెననే గద అన్నా నాకు జీతమిస్తున్నరు" అన్నాను. అతన్ని ఓదార్చడానికి అన్నది కాదు. నిజమే అది.

ఆ సాయంత్రం ఉప్పల్ వెళ్లాను. చెల్లెలు డ్యూటీలో ఉంది, పిల్ల ఒక్కతే ఇంట్లో ఉంది. దారంతా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూ వెళ్లాను, చివరికి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే చెప్పేశాను. రాడ్ సంగతి, గీతల సంగతి, ఎర్ర డబ్బా సంగతి, అన్నీ. కోల చిల్లు కార్డు ఒకటి, గుండ్రటి చిల్లు కార్డు ఒకటి ఆమె చేతిలో పెట్టాను. "నీ చెయ్యి మంచిగ లేదన్న. తప్పు నీ చేతిల లేదు బిడ్డా, నాది" అన్నాను.

ఆమె రెండు కార్డులూ చాలాసేపు చూసింది. "రెండేండ్లు పెద్దమ్మా" అంది. కార్డుల మీంచి తల ఎత్తి, "పొద్దుగాల అలారం మోగితే లేవబుద్ధి కాకపోయేది నాకు. ఆ బ్యారెల్ మీద ఏలు పెట్టి, పెద్దమ్మ ఉన్నదిలే అనుకునేదాన్ని" అంది. ఆ తరవాత లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నేను గుమ్మంలోనే ఏడ్చాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం న్యాయమే. ఆ నాలుగు రోజులూ అన్నం సహించలేదు నాకు.

అయిదో రోజు ఫోన్ చేసింది. కోచ్ తన సొంత రైఫిల్ ఆమెకు ఇచ్చాడట. గుండె లేదన్న మాట ఆయనకూ గుచ్చుకుంది కాబోలు. "పొద్దుగాల ఏడింటికి కొట్టిన" అని ఆగింది. "గుండ్రంగ పడుతున్నయి పెద్దమ్మా" అంది. ఆ మాటకు నేను ఫోన్ పట్టుకునే మోకాళ్ల మీద కూర్చున్నాను. ఈసారి నా ఆమెన్ మెల్లగా వచ్చింది.

ఎంపిక పోటీలకు నేను కూడా వెళ్లాను. ఉప్పల్‌లో మొదటి మెట్రో ఎక్కినప్పుడు ఇద్దరం శాలువాలు కప్పుకున్నాం. రేంజిలో చలికి గజగజ వణికింది నేనే. ఆమె బోర్లా పడుకుంది, రైఫిల్ భుజానికి ఆనించింది. బొటనవేలు అలవాటుగా బ్యారెల్ కిందికి వెళ్లింది. అక్కడ నా ముద్ర లేదు. వేలు వెనక్కి తీసుకుని కొట్టడం మొదలుపెట్టింది. అలవాటు లేని రైఫిల్, రెండు వారాల పరిచయం, అందరికంటే ముందు రాలేదు. జట్టు జాబితాలో చివరి పేరు ఆమెది. చివరిదైతేనేం, జాబితాలోనే ఉంది. మా చెల్లెలు ఫోన్‌లో ఏడ్చి, నన్ను తిట్టి, మళ్లీ ఏడ్చింది.

ఇక్కడితో అయిపోయిందని నేననుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో పిల్ల అడిగింది. "పెద్దమ్మా, ఆరు బ్యారెళ్లన్నవు గద. నాదొకటి. తక్కిన అయిదుగురికి ఎవరు చెప్తరు?"

నిజం చెప్తున్నాను, అప్పటివరకు నాకు ఆ అయిదూ నంబర్లు మాత్రమే. వాటి వెనక మనుషులు ఉంటారని తట్టలేదు. మర్నాడే మా యూనిట్ ఓనరు సారు గదిలోకి వెళ్లి రిజిస్టరు ఆయన ముందు పెట్టాను. ఆయన చాలాసేపు ఆ గీతలు చూశాడు. నన్ను పనిలోంచి తియ్యలేదు. "అయిదూ వెనక్కి పిలవండి. వచ్చే దసరాకి ఎర్ర డబ్బా మూత తీసే ఉంచండి" అని మాత్రం అన్నాడు.

రైఫిల్ కంపెనీ వాళ్లు ఎవరికి పంపారో చూసి చెప్పారు. నాలుగు బ్యారెళ్లు నెలలో తిరిగొచ్చాయి. నాలుగూ పద్దెనిమిదే. అయిదోది వరంగల్ వైపు ఒక క్లబ్‌లో ఉంది. అది పెట్టెలోనే ఉందని, దాన్ని వాడిన డ్రిల్ మాస్టారు కిందటి చలికాలం నుంచి రావడమే మానేశాడని అక్కడివాళ్లు చెప్పారు. పెట్టె పంపిస్తాం, ఆయనతో పనేముంది అన్నారు. ఆయనతోనే పని ఉందని నంబరు తీసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం, మా పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చేశాను. స్పీకరు పెట్టాను. పెద్దమనిషి గొంతు, నెమ్మదైనది. నేను ఎవరో, ఎక్కడినుంచో చెప్పి, బ్యారెల్, గేరు, ట్విస్ట్ అంటూ తడబడుతున్నాను. ఆయనకు అర్థం కావడం లేదు. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, నేను అది ఇడిసిపెట్టిన" అంటున్నాడు. అప్పుడు పిల్ల ఫోన్ దగ్గరికి వంగింది.

"సార్, మీకు మధ్యాహ్నం మంచిగ పడి, చలికాలం పొద్దుగాల తప్పేది కదా?"

ఫోన్ కట్ అయిందేమోనని చూశాను, కాలేదు.

"నీకెట్ల తెలుసు బిడ్డా?" అన్నాడు ఆయన.

"నాకు గూడ అంతే సార్. రెండేండ్లు."

తరవాత ఆయన నన్ను పిలిచాడు. అంత వయసు మనిషి, స్కూలు పిల్లాడు మార్కులడిగినట్టు అడిగాడు.

"అయితే అమ్మా, నా చెయ్యి మంచిదేనా?"

"మంచిదే సారూ" అన్నాను. "కొలవంది నేనే."